కర్నూలు నుంచి తిరుపతికి ఎనిమిదో నెల పాపతో కార్లో పోవాల, ఎట్లా పోతే మంచిదో చెప్పండి

బురుజుకాడ అమ్మ:

అందరికీ నమస్తే. మాది కర్నూలు. పాపకు ఎనిమిదో నెల నడుస్తాంది. తొమ్మిదో నెల పడినాక తిరుమలలో పుట్టెంటికలు తీపియ్యాలని మొక్కు ఉంది, ఏడాది లోపలే కావాలని మా అత్త పట్టుమీద ఉంది. అంటే ఎండలు బాగా ముదిరినప్పుడే పోవాల్సి వస్తాంది, ఇంగ వాయిదా వేసేదానికి లేదు.

మా బావగారి ఏడు సీట్ల బండి ఇస్తామన్నారు. మేమిద్దరం, పాప, అత్త, మామ, మా ఆడబిడ్డ వస్తాం. బండి తోలేది మా ఆయన ఒక్కడే, ఇంట్లో ఇంకెవరికీ డ్రైవింగ్ రాదు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప మీదుగా అనుకుంటాండాం.

ఇంట్లో మాటకు మాట కుదరడం లేదు. మామ ఏమో రాత్రి అన్నం తిని తొమ్మిది పదికి బయలుదేరితే చల్లగా ఉంటాది, పాప నిద్రపోతాది, తెల్లారేపాటికి తిరుపతిలో ఉంటాం అంటాడు. మా ఆయనా దానికే సై అన్నాడు. నాకు మనసు ఒప్పడం లేదు, ఆయన పొద్దుటి నుంచి డ్యూటీ చేసి వచ్చి రాత్రంతా తోలాల కదా.

రెండోది కార్ సీటు. నేను కొందామంటే అత్త "తల్లి ఒడి కన్నా భద్రం ఏముంది, మా కాలంలో పిల్లల్ని ఎట్లా తీసకపోయినాం" అంటాంది. మామ ముందు సీట్లో తను కూచోని ఒళ్లో పెట్టుకుంటాడంట, ఏసీ బాగా తగులుతాదని. మా ఆడబిడ్డ ఇంకోటి చెప్తాంది, వెనక అటూ ఇటూ హ్యాండిళ్లకు చీరతో ఊయల కడదాం, ఇంట్లో ఊయల్లోనే కదా నిద్రపోతాది అని. ముగ్గురూ పాప మీద ప్రేమతోనే చెప్తాండారు, అందుకే ఎవర్నీ నొప్పియ్యకుండా ఎట్లా చెప్పాలో తెలీడం లేదు.

పాప నా పాలు తాగుతాది, రాత్రి ఒకసారి డబ్బా పాలు, పగలు రెండు పూటలు ఉగ్గు, ఒకపూట అరటిపండు. కార్లో అరగంట దాటితే ఏడుపు అందుకుంటాది. ఎన్ని చోట్ల ఆపాల, యాడ ఆపాల, ఏం పెట్టుకోవాల, చిన్న పిల్లలతో ఈ రోడ్డులో పోయినోళ్లు ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.


నంద్యాల బాడుగ బండి:

చెల్లెమ్మా, నేను బాడుగ బండి తోలతా, ఈ కర్నూలు తిరుపతి రోడ్డు నాకు బాగా అలవాటు. ముందు రాత్రి ప్రయాణం మాట తీసెయ్యండి. పగలంతా డ్యూటీ చేసిన మనిషి రాత్రి రెండు నుంచి ఐదు లోపల స్టీరింగ్ పట్టుకుంటే కండ్లు తెరుచుకొనే నిద్రపోతాడు, తనకే తెలీదు. మేం రోజూ తోలేవాళ్లమే ఆ టైములో బండి పక్కకు పెట్టి ఒక కునుకు తీస్తాం. పక్కన మార్చుకొని తోలేదానికి ఇంకో డ్రైవరు ఉంటే వేరే మాట. పైగా రాత్రి పూట రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీలు, ట్రాక్టర్ ట్రాలీలు కనపడవు, పంట కోతల టైములో అయితే సగం రోడ్డు మీద వడ్లో మొక్కజొన్నో ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టి ఉంటారు. గొర్రెల మందలు తెల్లవారుజామున కదుల్తాయి.

నేను చెప్పేది తెల్లారి నాలుగున్నర, ఐదుకు బయలుదేరండి. ముందు రోజు మీ ఆయన్ను డ్యూటీకి సెలవు పెట్టమని, రాత్రి తొమ్మిదికల్లా పడుకోమని చెప్పండి. సామానంతా సాయంత్రమే బండిలో ఎక్కించి పెట్టుకోండి. పాపను నిద్రలోనే ఎత్తుకొచ్చి సీట్లో కూచోబెడితే ఆ నిద్రలోనే నంద్యాల దాటేస్తారు. కర్నూలు నుంచి నంద్యాల 70 కిలోమీటర్ల దాకా, కడప సుమారు 200, కడప నుంచి తిరుపతి ఇంకో 140. కడప దాకా నాలుగు లైన్ల రోడ్డు, ఇబ్బంది లేదు. మధ్యలో రెండు మూడు సార్లు ఆపుకుంటూ పోయినా పొద్దున తొమ్మిదిన్నర పదికి కడపలో ఉంటారు, ఎండ ముదిరేలోపల.

ఇంగ అక్కడ ఆగిపోండి. ఆ రోజు ఇంగ కదలద్దు. రూము తీసుకోండి, చుట్టాలుంటే చుట్టాలింటికి పోండి, పాపను కింద చాప మీద పొర్లనియ్యండి. మరుసటి రోజు తెల్లారే మళ్లీ కదిలితే మూడు నాలుగు గంటల్లో తిరుపతి. ఒక రూము ఖర్చు పెరుగుతాది, నిజమే. కానీ పెద్దోళ్లిద్దరూ ఉన్నారు అంటాండారు, వాళ్ల మోకాళ్లకు కూడా ఆ ఒక్క రాత్రి శానా మేలు చేస్తాది.

ఊయల సంగతి. వద్దమ్మా, వద్దు. నా బండిలో కడతామని అడిగినోళ్లు ఉన్నారు, నేను ఒప్పుకోను, బాడుగ పోయినా సరే. ఊయల నిలబడి ఉన్న చోట ఊగేదానికి. బండి 80లో పోతూ కుక్కకో గొర్రెకో అడ్డం బ్రేకు కొడితే ఊయల నేరుగా ముందు సీటుకు పోయి కొట్టుకుంటాది. ఆ పైన ఉండే హ్యాండిలు మనిషి పట్టుకునేదానికి పెట్టింది, బరువు కట్టేదానికి కాదు. ముందు సీటు ఇంకా ప్రమాదం, ఎదురుగా ఎయిర్‌బ్యాగు ఉంటాది, అది తెరుచుకుంటే పెద్దోళ్లకు ప్రాణం పోస్తాది గాని ఒళ్లో ఉన్న బిడ్డను నలిపేస్తాది. మీ మామకు ఈ ఒక్క ముక్క చెప్పండి, పెద్దాయన అర్థం చేసుకుంటాడు.

బండి బయలుదేరే ముందు రోజు టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూపియ్యండి, ఎండాకాలం అరిగిన టైరుతో పోవద్దు. స్టెప్నీలో గాలి ఉందో లేదో కూడా చూడండి, అది ఎవరూ చూడరు. వెనక డోర్లకు చైల్డ్ లాక్ వేసుకోండి. హైవే మీద బండి ఆగిపోతే 1033, ఆరోగ్యం అయితే 108, రెండూ ఫోన్లో పెట్టుకోండి. ఇంకోటి, టీ తాగేదానికి దిగినప్పుడు పాప నిద్రపోతాంది కదా లేపడం ఎందుకని బండిలో వదిలి దిగొద్దు, ఏసీ వేసి ఉన్నా సరే. మన నంద్యాల ఎండలో మూసిన బండి పది నిమిషాల్లో పొయ్యి అయిపోతాది.


రైలు మంచిదప్పా:

ఇంత అవస్థ ఎందుకు, వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కర్నూలులో ఎక్కితే పొద్దునకల్లా తిరుపతి. ఐదేండ్ల లోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్టే లేదు. థర్డ్ ఏసీలో కింద బెర్తు తల్లీబిడ్డకు ఇచ్చేస్తే కాళ్లు చాపుకొని పాలు ఇచ్చుకోవచ్చు, బాత్రూము ఉంటాది, మీ ఆయనా నిద్రపోతాడు. తిరుపతిలో దిగినాక కొండ మీదికి బస్సులు లెక్కలేనన్ని. పసిబిడ్డ ఉన్న ఇంట్లో నేనైతే కారు పేరే ఎత్తను.


అనంతపురం లెక్కల టీచరు:

రైలు దొరికితే రైలే మంచిది, నేనూ ఒప్పుకుంటా. కానీ ఐదుగురికి కలిపి టికెట్లు అనుకున్న తేదీకి దొరకడం కష్టం, కొండ మీద మొక్కు తేదీ మారదు. అందుకే కార్లో పోయేవాళ్లకే చెప్తా.

అక్కా, మా ఇంట్లో కూడా అచ్చం ఇదే మాట జరిగింది, ఒడి కన్నా సీటు ఎక్కువా అని. నేను మా అత్తతో వాదన పెట్టుకోలేదు. సీటు తెచ్చి హాల్లో పెట్టి, బాబును దాంట్లో కూచోబెట్టి ఉగ్గు మీరే తినిపియ్యండి అని గిన్నె ఆమె చేతికి ఇచ్చినా. రోజూ ఆ టైముకు ఇద్దరూ అక్కడే. వాడికీ అది అలవాటు అయింది, ఆమెకూ అయింది. బండిలో బిగించినాక సీటు పక్కన కూచునేది ఆమే అని ముందే చెప్పినా, వాడి చెయ్యి పట్టుకునేదీ, పాట పాడేదీ ఆమే. ఒడిలో లేడనే బాధ సగం పోయింది. మీ అత్తకు కూడా కావాల్సింది పాప తన దగ్గర ఉండడమే, సీటు పక్కన చోటు ఆమెకిచ్చేయండి.

చట్టం కూడా ఉంది, కావాలంటే మామకు అది చూపించండి. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు 194బి అని కొత్త సెక్షన్ పెట్టినారు, పద్నాలుగేండ్ల లోపు పిల్లల్ని బెల్టు గాని పిల్లల సీటు గాని లేకుండా తీసకపోతే 1000 రూపాయలు ఫైను. ఫైను భయంతో కాదు గాని, కొంతమంది పెద్దోళ్లు మన మాట కన్నా సర్కారు మాట తొందరగా వింటారు.

సీటు కొనేటప్పుడు చూసుకోవాల్సింది చెప్తా. ఎనిమిది నెలల బిడ్డకు వెనక్కి చూసే సీటు కావాల, అంటే పాప మొహం బండి వెనక అద్దం వైపు ఉండాల. ఎందుకంటే ఆ వయసులో తల బరువు ఎక్కువ, మెడ ఇంకా గట్టిపడి ఉండదు, బ్రేకు పడినప్పుడు తల ముందుకు విసిరేయకుండా వీపు మొత్తం సీటు మీద ఆనుకుంటాది. యూరప్ వాళ్ల కొత్త ఆర్129 ప్రమాణంలో పదిహేను నెలల దాకా వెనక్కే చూడాలని రూలు. మీ బావగారి బండిలో నడిమి వరసలో ఐసోఫిక్స్ కొక్కేలు (పిల్లల సీటును బెల్టు లేకుండా నేరుగా బండికి తగిలించేవి) ఉన్నాయో లేదో ముందే చూసుకోండి, సీటు మడతలో చెయ్యి పెడితే ఇనుప కమ్మీలు తగులుతాయి. లేకపోతే బెల్టుతో బిగించే రకం తీసుకోండి. బిగించినాక బెల్టు పోయే చోట పట్టుకొని అటూ ఇటూ గుంజండి, ఒక అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు. పాప భుజం మీద పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి, మడత వేళ్లకు దొరికితే ఇంకా బిగించాల. లావు స్వెటర్లు, దుప్పట్లు పట్టీ కింద వద్దు, బిగించినాక పైన కప్పండి. ఎండలో నిలబెట్టిన బండిలో ఆ బకిల్ ఇనుప ముక్క కాలిపోతా ఉంటాది, దిగేటప్పుడు దాని మీద తడిగుడ్డ గాని తెల్లబట్ట గాని వేసి పోండి, ఎక్కినాక చేత్తో తాకి చూసినాకే పాపను పెట్టండి.

తిరుపతికి పోయే రోజే మొదటిసారి కూచోబెడితే కచ్చితంగా ఏడుస్తాది. ఇంకా నెల టైము ఉంది కదా, ముందు బురుజు దాకా ఒక రౌండు, తర్వాత ఓర్వకల్లు రాక్ గార్డెన్ దాకా పోయి రండి, అదీ నంద్యాల రోడ్డే. ఏ టైములో పాప ఎంత సేపు ఓర్చుకుంటాదో మీకే తెలిసిపోతాది, దాన్ని బట్టే ఆపాల్సిన చోట్లు పెట్టుకోండి. ఏడిస్తే మాత్రం సీట్లోంచి తీసి ఒళ్లో పెట్టుకోవద్దు, ముందు బండి పక్కకు ఆపండి, తర్వాత తీయండి. పాలు కూడా అంతే. కదిలే బండిలో వంగి పాలిచ్చేవాళ్లను చూసినా, తల్లి నడుమూ పోతాది, ఇద్దరికీ బెల్టూ ఉండదు.

సామాను సంగతికి వస్తే, పెద్ద సూట్‌కేసు డిక్కీలో పోనీ, కాళ్ల దగ్గర ఒక చిన్న సంచి వేరేగా ఉండాల. దాంట్లో డైపర్లు గంటకొకటి లెక్కన కాకుండా దారికి కావాల్సినదానికి రెట్టింపు, మూడు జతల నూలు బట్టలు, పాత నూలు చీర చింపిన గుడ్డలు, ప్లాస్టిక్ షీటు, మురికి బట్టలకు కవర్లు, మీకు ఒక జాకెట్టు, చున్నీ. పాప కక్కితే తన బట్టలు మారుస్తాం, మన బట్టలు మర్చిపోతాం, ఆ వాసనతో తిరుపతి దాకా పోవాల. చీర మాత్రం ఒకటి తప్పకుండా పెట్టుకోండి, మీ ఆడబిడ్డ చెప్పిన ఊయల ఆగిన చోట వేపచెట్టుకు కట్టొచ్చు, అరగంట ఊపితే పాపకు ఇల్లే గుర్తొస్తాది.


బురుజుకాడ అమ్మ:

అందరికీ శానా థ్యాంక్స్. అన్నా, మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించినా, ఏమీ మాట్లాడలేదు గాని తెల్లారి పోదాంలే అన్నాడు. రైలు చూసినాం, వెయిటింగ్ లిస్టు వస్తాంది.

టీచరక్కా, సీటు పక్కన చోటు ఇచ్చే మాట అత్తతో చెప్పినా, ముందు గమ్మున ఉండి, "అట్లయితే నేను కిటికీ పక్క కూచోలేనే" అనింది, అంటే ఒప్పుకున్నట్టే.

ఇంగ రెండు డౌట్లు. దారిలో డబ్బా పాలు ఎట్లా కలపాల, పొద్దునే కలిపి పెట్టుకుంటే పాడవుతాయా? మా పక్కింటామె ఏమో బయలుదేరే ముందు రవంత జలుబు సిరప్ పోస్తే దారంతా నిద్రపోతాది, పిల్లకు కూడా సుఖం అంటాంది. చేయొచ్చా?


పిల్లల వార్డు నర్సు:

సిరప్ మాట ముందు చెప్తాను. వద్దే వద్దు. నిద్ర కోసం పసిబిడ్డకు జలుబు సిరప్ పోయకూడదు. మోతాదు ఎక్కువైతే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది, కొంతమంది పిల్లలకు నిద్ర పట్టకపోగా ఇంకా చిరాకు పెరుగుతుంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద రాయాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ వాళ్లు ఆదేశం ఇచ్చారు. మీ పాపకు నాలుగేళ్లు కాదు, ఏడాది కూడా నిండలేదు. రెండేళ్ల లోపు పిల్లలకు కారు పడకపోవడం, వాంతులు అవడం మామూలుగా చాలా తక్కువ, కాబట్టి వాంతుల మందు కూడా ముందుజాగ్రత్తగా వేయక్కర్లేదు.

డబ్బా పాలు పొద్దున కలిపి పెట్టుకోవద్దు. కలిపిన పాలు రెండు గంటల్లోపు వాడేయాలి, మన ఎండలో కార్లో అయితే అది కూడా ఎక్కువే. ఒక్కో పూటకు కావాల్సిన పొడి కొలిచి పొడిగా ఉన్న చిన్న డబ్బాల్లో వేసుకోండి. నీళ్లు బాగా మరిగించి మంచి స్టీలు ఫ్లాస్కులో పోసుకోండి. పొడిలో కూడా క్రిములు ఉండొచ్చు, అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 70 డిగ్రీలకు తగ్గని నీళ్లతో కలపమంటుంది. కలిపాక సీసాను చన్నీళ్ల గిన్నెలో పెట్టి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి ఇవ్వండి. పాప వదిలేసిన పాలు పారబోయాలి, మళ్లీ ఇంకో గంటకు అవే ఇవ్వకూడదు. నిజానికి ప్రయాణం రోజు మీ పాలే ఎక్కువసార్లు ఇవ్వండి, కడగాల్సిన సీసా లేదు, చెడిపోయేది లేదు. మీరు బాగా నీళ్లు తాగాలి, దారిలో బాత్రూములు బాగుండవని చాలామంది తల్లులు నీళ్లు మానేస్తారు, అది తల్లికీ బిడ్డకీ మంచిది కాదు.

ఉగ్గు పొడి వేయించి తీసుకెళ్లండి, వేడినీళ్లలో అప్పటికప్పుడు కలపొచ్చు. రాగి జావ చేసి పట్టుకెళ్తే మధ్యాహ్నానికి పులుస్తుంది. అరటిపండు తొక్కలోనే ఉంటుంది కాబట్టి దానంత సురక్షితం ఇంకోటి లేదు. ఎనిమిది నెలలు కాబట్టి కాచి చల్లార్చిన నీళ్లు కొంచెం కొంచెం పట్టొచ్చు. ఆరు నెలల లోపు పిల్లలకు మాత్రం ఎంత ఎండైనా నీళ్లు అవసరం లేదు, తల్లి పాలే చాలు, ఇది చదివే మిగతా అమ్మలు గుర్తుపెట్టుకోండి. ఏడాది లోపు తేనె నాకించకూడదు, గుడుల దగ్గర పంచామృతం పెడతారు, అందులో తేనె ఉంటుంది, పెద్దవాళ్లు తీసుకోండి. కొత్త తిండి ఏదీ ప్రయాణంలో మొదలుపెట్టొద్దు.

రెండు గంటలకు మించి ఒకే బిగిన సీట్లో ఉంచకండి, మీ పాప లాంటి చిన్నపిల్లకు గంటన్నరకే ఆపితే ఇంకా మంచిది. సీట్లో నిద్రపోయినప్పుడు తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరికి అడ్డం పడుతుంది, పక్కన కూర్చున్న నానమ్మ చూడాల్సిన ముఖ్యమైన పని ఇదే. ఎండ పడుతోందని సీటు మీద గుడ్డ కప్పేయొద్దు, లోపల గాలి ఆడదు. కిటికీకి తీసిపెట్టే నల్ల వల దొరుకుతుంది, అది చాలు. ఏసీ 25 దగ్గర పెట్టి, గాలి నేరుగా మొహం మీద కొట్టకుండా తిప్పండి.

మందుల్లో జ్వరానికి పారాసెటమాల్ చుక్కలు, పాప బరువుకు ఎన్ని ఎంఎల్లో మీ డాక్టరు దగ్గర రాయించుకున్న చీటీతో సహా. ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు రెండు. లీటరు ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో మొత్తం కలపాలి, సగం పొడి సగం నీళ్లు అని కళ్లతో కొలవొద్దు, 24 గంటలు దాటితే పారబోయాలి. దారిలో షాపుల్లో రంగురంగుల డబ్బాల్లో ఓఆర్‌ఎస్ అన్న పేరు కనపడేలా అమ్మిన తీపి డ్రింకులు వేరు, ఆ పేరు వాటి మీద వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది కూడా. పాప ఆరు గంటలుగా ఉచ్చ పోయకపోయినా, పాలు పట్టకుండా మత్తుగా పడి ఉన్నా, కళ్లు లోపలికి పోయినట్టున్నా తిరుపతి దాకా చూద్దాంలే అనుకోవద్దు. దారిలో నంద్యాల, కడపల్లో పెద్ద ప్రభుత్వాసుపత్రులు ఉన్నాయి, తిరుపతిలో రుయా, కొండ మీద అశ్విని ఆస్పత్రి. నేరుగా వెళ్లిపోండి.


ఒంటిమిట్ట దారి:

అక్కా, కడప అవతల రోడ్డు నేను చెప్తా, మాది ఆ పక్కే. కడప దాటినాక చానా దూరం రెండు లైన్లే, లారీలు వరసగా పోతా ఉంటాయి, వాటిని దాటాలని తొందర పడొద్దు. ఈ 140 కిలోమీటర్లకు నాలుగు గంటలు వేసుకుంటే ప్రశాంతంగా పోతారు.

తెల్లారి ఆరుకు కడపలో బయలుదేరితే మొదటి ఆగేది ఒంటిమిట్ట. పాతిక కిలోమీటర్లే గాని అక్కడ ఆగాల. కోదండరాముని గుడి రోడ్డుకు ఆనుకొనే ఉంటాది, పొద్దున పూట పెద్ద రాతి మంటపం కింద బండలు చల్లగా ఉంటాయి, దుప్పటి పరిచి పాపను పాకనియ్యండి. పెద్దోళ్లకు దర్శనం అయిపోతాది. తర్వాత రాజంపేట, అక్కడ రోడ్డు పక్కనే 108 అడుగుల అన్నమయ్య విగ్రహం, కాళ్లు సాపుకునేదానికి మంచి చోటు. ఆ తర్వాత రైల్వే కోడూరు. కోడూరులో తప్పకుండా ఆపండి, పాలిచ్చేది, డైపరు మార్చేది, టిఫిన్లు, బాత్రూములు అన్నీ అక్కడే కానీండి. ఎందుకంటే కోడూరు దాటితే బాలుపల్లె అడవి, శేషాచలం కొండలు, మామండూరు దాకా ఆగేదానికి సరైన చోటు లేదు, రోడ్డు మలుపులు, నీడ ఉంది కదా అని అడవిలో బండి ఆపి పాపతో దిగడం మంచిది కాదు. అరటి, బొప్పాయి కావాలంటే కోడూరే, తోటలన్నీ అక్కడే.

మీరు కర్నూలు నుంచి వచ్చే మొదటి రోజుకు కూడా ఒక మాట. ఉగ్గాని బజ్జి, కారం దోసె పెద్దోళ్లు తినండి, పాలిచ్చే మీరు రోడ్డు మీద నూనె, కారం రవంత తగ్గించుకోండి, మీ కడుపు చెడితే పాప పని ఎవరు చూస్తారు.

కొండ మీద సంగతి ఇదీ. ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు టీటీడీ సుపథం గేటు నుంచి దర్శనానికి పంపిస్తాది, టికెట్ అక్కర్లేదు. పాప బర్త్ సర్టిఫికెట్, మీ ఇద్దరి ఆధార్ అసలువి తీసకపోండి. టైములు మారతా ఉంటాయి, బయలుదేరే ముందు టీటీడీ సైటులో చూసుకోండి. కానీ దాంట్లో తల్లీ తండ్రీ బిడ్డా మాత్రమే, అవ్వాతాతలను, ఆడబిడ్డను పంపరు. వాళ్లకు 300 రూపాయల టికెట్లు వేరే బుక్ చేసుకోవాల, అవి నెలల ముందే వదులుతారు, వదిలిన కాసేపటికే అయిపోతాయి. మీ అత్తమామలకు 65 దాటి ఉంటే పెద్దోళ్ల కోటా వేరే ఉంది. ఇది ముందే ఇంట్లో చెప్పి పెట్టుకోండి, గేటు కాడ తెలిస్తే మనవరాలితో పాటు దర్శనం లేదని పెద్దోళ్ల మనసు కష్టపడతాది.

తలనీలాలకు కల్యాణకట్టలో డబ్బు కట్టేది లేదు. బ్లేడు కొత్తది మీ కండ్ల ముందే మార్చమని అడగండి, అడగడంలో తప్పు లేదు. పాప కడుపు నిండి, నిద్ర తీరి ఉన్న టైములో కూచోబెట్టండి, ఆకలి మీద ఉన్న బిడ్డ తల నిలపదు. గుండు అయినాక తల కడిగి గుడ్డతో అద్ది నూలు టోపీ పెట్టండి, కొండ మీద తెల్లవారుజామున చలి ఉంటాది, దిగినాక ఎండ ఉంటాది, రెండింటికీ టోపీ కావాల. గంధం పూస్తామంటే రవంత చెవి వెనక పూసి చూసినాకే తలకు పుయ్యండి. నీళ్లకు స్టీలు సీసాలే పెట్టుకోండి, ప్లాస్టిక్ నీళ్ల సీసాలు అలిపిరి కాడే తీసేస్తారు.


బురుజుకాడ అమ్మ:

అయ్యో, సుపథంలో అత్తమామలను పంపరనేది నాకు తెలీనే తెలీదు. ఈ రాత్రికే వాళ్ల పుట్టిన తేదీలు ఆధార్‌లో చూస్తా. మామకు 65 దాటింది, అత్తకు దాటలేదనుకుంటా. గుండు మాత్రం అందరం కలిసి ఉన్నప్పుడే తీపిస్తాం, మేనత్త ఒళ్లో కూచోబెట్టి, అదన్నా కుదురుతాది కదా?

అన్నా, ఇంకొక్కటి చెప్పండి, దర్శనం అయిన రోజే దిగొచ్చునా, పైన ఇంకో రోజు ఉండాల్నా? మా ఆయనకు సెలవు తక్కువ.


ఒంటిమిట్ట దారి:

కల్యాణకట్టకు ఇంటిల్లిపాదీ పోవచ్చు అక్కా, దానికి ఎవరూ అడ్డం చెప్పరు. మేనత్త ఒళ్లో కూచోబెట్టేది మన పద్ధతే.


నంద్యాల బాడుగ బండి:

దర్శనం అయిన రోజే కర్నూలుకు తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు చెల్లెమ్మా. లైన్లో నిలబడి, రాత్రి సరిగా నిద్రలేక మీ ఆయన అలిసిపోయి ఉంటాడు, పోయేటప్పటి కన్నా వచ్చేటప్పుడే ఎక్కువ ప్రమాదాలు చూస్తాం మేము, అందరికీ ఇల్లు చేరాలనే తొందర. సెలవు తక్కువైతే సాయంత్రం వెలుతురు ఉండగా కొండ దిగి తిరుపతిలో పడుకోండి. దిగే ఘాట్‌లో సెకండ్ గేరు, థర్డ్ గేరులోనే దిగాల, న్యూట్రల్ వెయ్యకూడదు, ఊరికే బ్రేకు మీద కాలు పెట్టుకుంటే లైనర్లు కాలి వాసన వస్తాది. 40 నిమిషాల లోపల దిగితే కింద గేటు కాడ పట్టుకుంటారు, కాబట్టి తొందర పడినా లాభం లేదు. దిగేటప్పుడు పాపకు చెవులు గుయ్యిమంటాయి, వెనకున్నవాళ్లు చెంచాతో నీళ్లు పడితే మింగుతాది, సర్దుకుంటాది. మరుసటి రోజు తెల్లారి నాలుగున్నరకు తిరుపతిలో బయలుదేరి, ఎండ ముదిరేలోపల కడప చేరి, మధ్యాహ్నం అక్కడే పడుకొని, సాయంత్రం నాలుగు తర్వాత కదిలితే రాత్రి తొమ్మిది లోపల కర్నూలు. మధ్యాహ్నం పడుకున్నప్పుడు మీ ఆయనకు నిద్ర పట్టకపోతే మాత్రం ఆ రాత్రి కడపలోనే ఉండిపోండి, డ్యూటీకి ఫోన్ చేసి ఒక పూట ఆలస్యం అవుతాదని చెప్పమనండి.